దేముడమ్మ వెంట తిరిగే వలిసె చేను

“ఈ తీగకి నా లేప్‌టాప్‌లో బెజ్జం లేదు సార్,” అంటోంది సోని. “ఎటు తిప్పి సూసినా లేదు.”

సర్వేకొచ్చిన వరహాలరావు నమ్మలేదు. లేప్‌టాప్‌ని తలకిందులు చేసి అడుగున కూడా చూశాడు. ఆఫీసులో పాత కంప్యూటరుకి వెనకాల వెడల్పాటి బెజ్జం ఉండేదట. ఆ కంప్యూటరు మొన్న వానల్లో తడిసి పోయింది. ఇప్పుడు మిగిలింది చేతిలో జీపీయస్ మిషనొక్కటే. బూడిదరంగుది, నెత్తిన పొట్టి కొమ్ముతో, సెల్‌ఫోన్లన్నిటికీ పెదనాన్నలా ఉంటుంది. దాన్ని పట్టుకుని చేను గట్టు చుట్టూ నడిస్తే నడిచిన దారంతా గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తుని తీగలోంచి కంప్యూటర్లోకి దింపితే పటం వస్తుంది. పటం వస్తే పట్టా వస్తుంది.

పోడు భూములకి పట్టాలిస్తామని కొండకొండా ఎక్కి కొలుస్తున్న ఏడాది అది. సోనికి అనంతగిరి రోడ్డు మీద చిన్న కొట్టుంది. జిరాక్సు తీస్తుంది, పాస్‌పోర్టు ఫొటోలు తీస్తుంది, లేప్‌టాప్ బాగుంటే నెట్టు కూడా చూపిస్తుంది.

కొట్టు అరుగు మీద దేముడమ్మ కూర్చునుంది. ఆవిడ వెనకాల రోడ్డుకి అడ్డంగా ఆవిడ చేను ఉంది. ఎకరం పైమాటే. వేసింది వలిసెలు, నూనెగింజల పైరు, నిండా పసుప్పచ్చ పువ్వు మీదుంది.

విశాఖపట్నం వెళ్లే బస్సొచ్చి ఆగింది. డ్రైవరు తల బయట పెట్టి, “పిన్నీ, నీ సేను ఓ పక్కకి జరుపుతావేటి?” అన్నాడు. దేముడమ్మ లేచి అరుగు ఆ చివరకెళ్లి కూర్చుంది. చేనూ జరిగింది. బస్సు కదిలింది. రెండు తేనెటీగలు పొరపాటున ఎక్కేస్తే కండక్టరు బెల్లు కొట్టి దింపేశాడు.

ఆ చేను ముందునుంచీ అలా తిరిగేది కాదు. దేముడమ్మ మొగుడు సోంబరు ఉన్నన్నాళ్లూ కొండమీద బుద్ధిగానే ఉండేది. ఓ సంతరోజు దేముడమ్మ కలుపు తీస్తుంటే సోంబరు గట్టు మీద నిలబడి, “ఇక్కడే ఉండు. ఉప్పూ ఎండుసేపలూ అట్టుకొని బేగి వచ్చేత్తాను,” అన్నాడు. వచ్చేటప్పుడు ఘాటీలో జీపు తిరగబడింది. కబురు విని దేముడమ్మ కొండ దిగి పరిగెత్తింది. వెనక్కి చూస్తే చేను కూడా పరిగెత్తుకొస్తోంది. అప్పట్నుంచీ ఆవిడ ఎటెళితే అటే. నీళ్లకని గెడ్డకెళ్తే గెడ్డకి, సంతకెళ్తే సంతకి. ఉప్పంటే తప్పదు కాబట్టి కొనేది. ఎండుచేపల జోలికి మాత్రం ఆవిడ మళ్లీ పోలేదు.

సోని విశాఖపట్నంలో తెలిసిన కొట్టుకి ఫోన్ చేసి, సాయంత్రం బస్సులో ఒక ముక్క తెప్పించింది. ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం. వెడల్పు పక్క మిషను తీగకి, సన్నం పక్క లేప్‌టాప్‌కి. దానితో అరచేతిలో పట్టేంత సీడీ ఒకటి వచ్చింది. సీడీ వేశారు. లేప్‌టాప్ చాలాసేపు ఆలోచించి, మిషనేదీ కనపడలేదంది.

“ఎదురుగుండా పెడితే కనపడదేటి?” అని వరహాలరావు మిషన్ని లేప్‌టాప్ మొహం ముందు ఆడించాడు.

లేప్‌టాప్ పోర్టులనే గుమ్మాల్లో ఒకటో నంబరు దగ్గర నిలబడి పిలుస్తోందనీ, మిషనొచ్చి అయిదో నంబరు గుమ్మంలో నిలబడిందనీ చివరికి సోని కనిపెట్టింది. నంబరు మార్చింది. మిషను కీచుమంది. తెర మీద ఎర్రగీత ఒకటి మొదలై అలా సాగిపోతూ కొండ దిగింది, వాగు దాటింది, రోడ్డెక్కింది, టీకొట్టు దగ్గర ఆగింది.

“ఇది సేను కాదు సార్, బస్సు రూటు,” అంది సోని.

వరహాలరావు నెత్తి పట్టుకున్నాడు. జరిగిందేంటంటే, దేముడమ్మ వాళ్ల ఊళ్లో చేను గలవాళ్లు అడుగు పెట్టకుండా ఇంకొకరు గట్టు తొక్కరు. అందుకని పొద్దున్న ఆవిడ ముందు నడిచింది, మిషను పట్టుకుని ఈయన వెనకాల నడిచాడు. ఆవిడ నడుస్తుంటే చేను ఊరుకుంటుందా. మూల రాయి వచ్చిందనుకునేసరికి ఆ రాయి ఇంకొంచెం ముందుకెళ్లేది. ఎంత నడిచినా తిరుగు మూల రాలేదు. మధ్యలో ఆయన ఇంకా ఉందా అని అడిగాడు కూడా. “ఏటో బాబూ, ఇయ్యాల పెద్దదైపోనాది,” అందిట ఆవిడ. మధ్యాన్నానికి ఇద్దరూ టీకొట్టు దగ్గర తేలారు. ఆకలి మీదున్నారు కదా, టీ తాగి ఊరుకున్నారు.

రేపు సాయంత్రంతో ఆఫీసులో పటాలు తీసుకోవడం ఆపేస్తారన్నాడు వరహాలరావు. పటం లేని జాగాల్లో ఫారెస్టువాళ్లు నీలగిరి మొక్కలు నాటేస్తారు. నీలగిరి వేళ్లు దిగిన చేను మరి లేచి నడవలేదు. ఆ మాట వినగానే చేను అరుగు మీదకి ఒక మూల ఎక్కి, దేముడమ్మ కాళ్లకి ఆనుకుని కూర్చుంది.

ఇక్కడే కొలిచేద్దామా అంది సోని. బస్టాండుకి పట్టా ఇమ్మంటే నా ఉద్యోగం పోతుందన్నాడు వరహాలరావు. కొలిస్తే కొండమీదే కొలవాలి, కానీ దేముడమ్మ చేను నడిమధ్యన కూర్చుంటే అది కదలదు కదా అని ఆయనకి తట్టింది. దేముడమ్మ చెవులు మూసుకుంది. పువ్వు మీదున్న చేలో వాళ్ల ఊళ్లో ఎవరూ కాలు పెట్టరు, పెడితే గింజ నిలబడదు. పోనీ గట్టవతల నిలబడితే అటే ఒరిగిపోతుంది, పటం అల్లం కొమ్ములా వస్తుంది.

“అదైతే పైన ఉండాల, నువ్వు కిందుండాల,” అన్నాడు వరహాలరావు. “ఒక్క పూట. దానికెలా సెప్తావో మరి.”

దేముడమ్మ “సూత్తాను బాబూ,” అని లేచింది. చేనూ లేచింది. ఇద్దరూ కొండెక్కి పోయారు.

పొద్దున్న వరహాలరావు మిషన్లో కొత్త బేటరీలు వేసుకుని పైకెళ్లాడు. దేముడమ్మ మొదటి రాయి మీద తన పాదం మోపి, ఇంక నువ్వు తొక్కొచ్చు బాబూ అంది. తర్వాత గట్టు పక్కన వంగి, దూడ చెవిలో చెప్పినట్టు చేనుకేదో చెప్పింది. ఆడమనిషి చేనుతో మాటాడుకుంటుంటే మనకెందుకని ఆయన అటు తిరిగి నిలబడ్డాడు. ఆవిడ వెనక్కి చూడకుండా దిగిపోయింది. చేను సగం లేచింది. పువ్వులన్నీ కిందికి వంగి చూశాయి. ఆ తర్వాత మెల్లిగా చతికిలబడింది.

ఆ పూటంతా దేముడమ్మ సోని కొట్టు అరుగు మీదే ఉంది. ఒక్కతే ఉంటే ఆవిడ చిన్నగా కనిపించింది. పసుప్పచ్చ ఆటో వచ్చినా లేచేది, పసుప్పచ్చ చీర వచ్చినా లేచేది. సోని ఇచ్చిన టీ చల్లారిపోయింది. బస్సు డ్రైవరు అలవాటు కొద్దీ ఆపి, ఖాళీ రోడ్డు చూసి, “సేనేదీ పిన్నీ?” అన్నాడు.

“పైనుండాల,” అంది దేముడమ్మ.

మధ్యాన్నం తిరిగాక వరహాలరావు చెమటలు కక్కుతూ వచ్చాడు. తీగ పెట్టారు. లేప్‌టాప్ మళ్లీ మిషనేదీ లేదంది. దేముడమ్మ అరుగు మీంచి లోపలికొచ్చి, పాయింట్‌మెంటు లేకుండా డాక్టరు దగ్గరికొచ్చినట్టు గుమ్మంలోనే నిలబడిపోయింది. సోని ముక్క పెట్టిన చోటు వంగి చూసింది. నిన్న కుడిపక్క బెజ్జంలో పెట్టిన ముక్కని ఇవాళ తొందర్లో ఎడమపక్క పెట్టింది. కుడిపక్కకి మార్చింది. మిషను కీచుమంది.

గీత మొదలైంది. ఒక రాయి, ఇంకో రాయి, మూడో మూల. నాలుగో మూల దగ్గర కాస్త తటపటాయించి, మొదలైన చోటికే వచ్చి ఆగింది.

“కలిసిపోనాది,” అంది సోని.

“అట్టులా వచ్చిందే,” అన్నాడు వరహాలరావు. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు మరి. ఒక పక్క కాస్త వంకరగా ఉంది, అది చేను లేద్దామా అనుకున్న జాగా. పటం ప్రింటు తీశారు. దేముడమ్మ వేలిముద్ర వేసింది. ఆయన దాన్ని చొక్కాలో దోపుకుని, ఆఫీసు మూసేలోపు పరిగెత్తాడు.

దేముడమ్మ తిన్నగా ఇంటికి పోకుండా ఎదర కిరాణా కొట్లోకెళ్లింది. ఉప్పు కొంది. ఎండుచేపలు కొంది. పొట్లం కొంగున కట్టుకుని, పొద్దు ఉండగానే కొండెక్కింది. చేను ఉన్నచోటే ఉంది. ఆవిడ కనపడగానే పువ్వులన్నీ ఒకేసారి ఇటు తిరిగాయి. ఆవిడ గట్టు మీద కూర్చుని, పొట్లం విప్పి దానికి చూపించింది.

అప్పట్నుంచీ చేను సంతకి రావడం మానేసింది. గెడ్డకి మాత్రం ఎప్పుడైనా తోడెళుతుంది, అదీ ఎండలు మరీ ఎక్కువైనప్పుడు.

వేసవిలో పట్టా వచ్చింది. దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించుకుందామని దేముడమ్మ సోని కొట్టుకొచ్చింది. ఒక్కతే వచ్చింది. డబ్బులొద్దు గానీ ఒకటి చెప్పమంది సోని.

“ఇన్నేళ్లూ ఎవులి మాటా ఇన్నేదు కదా పిన్నీ. ఆ రోజు దానికేటి సెప్పినావు?”

దేముడమ్మ పట్టాని రెండువైపులా తిప్పి చూసుకుంది. కొత్తగా ఏం చెప్పలేదంది. ఆ సంతరోజు సోంబరు అన్నదే అన్నానంది, ఒక్క ముక్కయినా మార్చకుండా.

“ఇక్కడే ఉండు. ఉప్పూ ఎండుసేపలూ అట్టుకొని బేగి వచ్చేత్తాను.”