ఘాటు లేని పొగ

వేద ఫ్రిజ్ తలుపు తెరిచి, దాని వెలుగులో నిలబడి, ఎవరి ముఖమూ చూడకుండా అడిగింది: "అమ్మా, మనం కోళ్ళు పెంచుకోవచ్చా?"

త్రివేణి చేతిలో గరిటె ఆగింది. కూతురు అడిగినదేమిటన్నది తరువాతి సంగతి. కూతురు అడిగింది. యూనివర్సిటీ చదువు మూడో ఏట మధ్యలో వదిలి ఇల్లు చేరిన నాటి నుంచి వేద ఏదీ అడగలేదు. పెడితే తిన్నది, పెట్టకుంటే మానింది. మాత్ర చేతికిస్తే మింగింది. పగలంతా పడుకుంది, లేచి కూర్చుని, కూర్చున్నందుకే అలసి మళ్ళీ పడుకుంది. డిప్రెషన్ అన్నది డాక్టరమ్మ. మందు పనిచేయడానికి సమయం పడుతుందన్నది. మిషిగన్ శీతకాలానికి సమయం కొదవ లేదు. మంచు కురిసింది, కరిగింది, కరిగిన చోటే మళ్ళీ కురిసింది.

"కోళ్ళా తల్లీ?"

"జస్ట్ కొన్ని. బ్యాక్‌యార్డ్‌లో." వేద నీళ్ళ సీసా తీసుకుని ఫ్రిజ్ మూసింది. "నెవర్‌మైండ్. చచ్చిపోతాయి. నేను పట్టుకున్నవన్నీ అంతే కదా."

ఆ మాటలో కన్నీరు లేదు, కోపం లేదు. బయట ఎంత చలిగా ఉందో చెప్పినట్టు చెప్పింది. హాస్టల్ గదిలో చేపలు పోయాయి, కిటికీలో మొక్క పోయింది, చదువు పోయింది. దియ అనే ప్రాణస్నేహితురాలి ఫోను తీయడం మానేశాక ఆ స్నేహమూ పోయిందనుకుంది. అన్నిటినీ ఒకే దారానికి గుచ్చి, ఆ దండను మెడలో వేసుకుని తిరుగుతున్నది పిల్ల. తన బిడ్డను మంచానికి కట్టేసినది ఆ ఒక్క నమ్మకమేనని త్రివేణికి ఆ క్షణాన తెలిసింది. అది నిజం కాదని నోటితో చెప్పి లాభం లేదు. ఏదో ఒక ప్రాణం ఆ చేతుల్లో బతికి చూపించాలి.

"పెంచుకుందాం," అన్నది, కోళ్ళ గురించి ఏమీ తెలియకుండానే.

వాళ్ళ ఇల్లు ట్రాయ్ ఊరు దాటి ఉత్తరంగా వెళితే, ఇంటికీ ఇంటికీ మధ్య ఎడం పెరిగే చోట ఉంది. పెరట్లో కోళ్ళగూడు కట్టుకుంటే అక్కడ ఎవరికీ అభ్యంతరం లేదు. ఆమె భర్త ఫణికుమార్ కార్ల కంపెనీలో ఇంజనీరు. కారు తలుపు ఎంత మెత్తగా మూసుకోవాలో, ఎంత గట్టిగా మూసి ఉండాలో ఆలోచించడమే ఆయన ఉద్యోగం. కూతురితో ఏం మాట్లాడాలో తెలియక ఇంట్లో మునివేళ్ళ మీద నడుస్తున్న ఆ మనిషికి, మాట్లాడటానికి ఒక గూడు దొరికింది.

"రాత్రిళ్ళు కోళ్ళ కోసం వచ్చే రకూన్ జంతువుకి చేతులుంటాయట. మనిషిలాగా గడియ తీస్తుందట," అన్నాడు పెరట్లో చెక్కలు కొలుస్తూ. "దాని బాబు కూడా తీయలేని గడియ డిజైన్ చేస్తా. ఇటు నొక్కి పట్టుకుంటేనే అటు తిరుగుతుంది. తీయాలంటే ఇద్దరుండాలి."

"నాన్నా, అప్పుడు మనకే రాదు అది," అన్నది వేద మెట్ల మీద నుంచి. దుప్పటి కప్పుకుని కూర్చుంది. అయినా బయట కూర్చుంది.

"ఇద్దరం వెళ్దాం రోజూ. తప్పేంటి?"

వేద నవ్వలేదు. లోపలికీ పోలేదు. మర్నాడు దుప్పటి లేకుండా వచ్చింది. ఆ తరువాత సుత్తి పట్టుకుంది. నేల తవ్వి లోపలికి దూరే జంతువులుంటాయని గూడు చుట్టూ ఇనుప జాలీని మట్టిలోకి పాతారు. గద్దల కోసం పైన వల కట్టారు. కోళ్ళు నిద్రపోవడానికి అడ్డకర్ర, గుడ్లు పెట్టడానికి గడ్డి పరిచిన అరలు, ఉత్తరపు గాలికి వీపు తిప్పిన తలుపు. వేద ఫోనులో చదివి చెప్పేది, ఫణికుమార్ చేసేవాడు. ఇది చంపుతుంది, అది చంపుతుంది. దీనికి ఇలా, దానికి అలా. ఒక్కొక్క మృత్యువుకూ ఒక్కొక్క మేకు కొట్టారు. వింటూ త్రివేణి ఆ మేకులు లెక్కపెట్టుకునేది. ఇన్ని దారుల్లో పోగల ప్రాణాన్నా తాను ఏరి కోరి ఈ పిల్ల చేతిలో పెడుతున్నది!

వీధిలో ఇంకొక తెలుగు ఇల్లు చాముండేశ్వరిది. ఒకనాడు డబ్బా నిండా సున్నుండలతో వచ్చి, వంటింటి కిటికీలోంచి గూడు చూసి బుగ్గలు నొక్కుకుంది.

"గుడ్డు తగిలిన కేకు కూడా తినవు, నువ్వు కోళ్ళు పెంచడమేమిటే త్రివేణీ?"

"పిల్ల ముచ్చట పడింది."

"సరేలే, గుడ్లు మాకు పంపించు. పుణ్యం మీకు, ప్రోటీన్ మాకు." తన మాటకు తానే నవ్వి, గొంతు తగ్గించకుండానే అడిగింది. "ఇంతకీ వేద ఎక్కడైనా చేరిందా? మావాడి ఆఫీసులో ఇంటర్న్స్‌ని తీసుకుంటున్నారు. రెజ్యూమే పంపమను, ఫార్వర్డ్ చేయిస్తాను."

ఇలాంటి ప్రశ్న వినబడిన ప్రతిసారీ వేద మెట్లెక్కి మాయమయ్యేది. ఈసారి పెరటి తలుపు దగ్గర, చేతుల నిండా రంపపు పొట్టుతో నిలబడి ఉంది.

"చేరాను ఆంటీ," అన్నది. "కోళ్ళ దగ్గర. శాలరీ లేదు. బెనిఫిట్స్‌లో ఎగ్స్ ఇస్తారు."

చాముండేశ్వరి సున్నుండ ఒకటి తానే తీసుకుని తిన్నది. త్రివేణి బాత్రూములోకి వెళ్ళి, పంపు తిప్పి, ఆ నీటి చప్పుడులో నవ్వింది, ఏడ్చింది. అయినా ఆశ అన్న మాటను మనసులోనైనా పలకలేదు. పలికితే అది వింటుందని, వింటే పోతుందని భయం.

కోడిపిల్లలు ఈకలు మొలిచేదాకా బయటి చలికి ఆగవు. అంతవరకూ వాటిని ఉంచవలసినది గరాజ్‌లోనే. ఆ గరాజ్‌లో అప్పటికే ఒక స్టవ్ ఉంది. పోపు ఘాటూ వేపుడు వాసనా ఇంట్లో తగిలించిన చలికోట్లకు పట్టి, ఆఫీసుకూ బడికీ వెంట వస్తాయని అక్కడి తెలుగువాళ్ళు చాలామంది చేసుకునే ఏర్పాటే అది: గోడవారగా ఒక బల్ల, బల్ల మీద గ్యాస్ స్టవ్, పక్కన మూకుడు, పెనం. వంటింట్లో దోశ వేస్తే పొగ అలారం గగ్గోలు పెడుతుంది కనుక దోశలూ అక్కడే.

ఎదుటి గోడకు కోడిపిల్లల పెట్టె పెట్టిన రోజున త్రివేణి తానే ఒక నియమం విధించింది. "అవి ఉన్నన్నాళ్ళూ ఇక్కడ పోపుల్లేవు, మిరపకాయలు వేయించడం లేదు. ఇల్లంతా కంపు కొడితే కొట్టనీ. వాటి ముక్కులెంత, ఊపిరెంత!"

"మరి దోశలో?" అన్నాడు ఫణికుమార్ దిగులుగా.

"దోశకి ఘాటేముందండీ? వేసుకోవచ్చు."

ముగ్గురూ తలలూపారు.

ఏప్రిల్‌లో, చిల్లులున్న అట్టపెట్టెలో, ఆరు పిల్లలు వేద ఒళ్ళో కూర్చుని ఇల్లు చేరాయి. ఫణికుమార్ దేవుడి పల్లకీ మోస్తున్నట్టు కారు నడిపాడు. వెనక హారన్లు మోగినా వేగం పెంచలేదు. వేద ఒక్కొక్క పిల్లనూ అరచేతిలోకి తీసుకుని దాని ముక్కును నీళ్ళలో ముంచి తీసింది. అలా ఒక్కసారి చూపిస్తే చాలు, నీళ్ళు ఎక్కడున్నాయో వాటికి తెలిసిపోతుంది. అందులో పడి మునగకుండా నీళ్ళ పళ్ళెంలో గోళీలు వేసింది. పైన వేలాడే ఎర్ర దీపాన్ని ఎత్తుతూ దించుతూ, పిల్లలన్నీ దాని కింద గుంపు కూడితే చలి అనీ, మూలలకు పారిపోతే వేడి అనీ, చదివిన చదువును కళ్ళతో సరిచూసుకుంది.

"పేర్లేం పెడుతున్నావ్?" అన్నాడు తండ్రి.

"ఇప్పుడే వద్దు నాన్నా."



పిల్లల కోసం వేద పొద్దునే లేచింది. లేచింది గనుక ముఖం కడిగింది, కడిగింది గనుక ఆకలి తెలిసింది. పసుపుపచ్చని నూగు రెక్కల కొసల్లో అసలైన ఈకలు పొడుచుకొచ్చిన ఉదయాన, పేర్లు పెట్టింది. అన్నీ టిఫిన్ల పేర్లు: పూరీ, బోండా, వడ, ఇలాగ.

"ఉప్మా ఏదే?" అన్నది త్రివేణి.

"అదిగో, చివర్లో. ఎవరికీ ఇష్టం ఉండదు కదా ఉప్మా. నాకు ఇష్టం."

ఒక మధ్యాహ్నం త్రివేణి సరుకులకు బయలుదేరుతుంటే వేద కారు దాకా వచ్చింది. "అమ్మా, ఇవాళ డిన్నర్ నేను చేస్తా. దోశలు. నువ్ వచ్చేసరికి పెనం రెడీ."

"పిండి బయట పెట్టి వెళ్ళనా?"

"నాకు తెలుసు ఎక్కడుందో. గో!"

త్రివేణి మలుపు తిరిగేదాకా అద్దంలో ఇంటినే చూసుకుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆ మలుపులోనే వేద ఎదురైంది. చెవి దగ్గర ఫోను, కాళ్ళకు ఇంటి చెప్పులు, ముఖాన నవ్వు. త్రివేణి కారు ఆపి అద్దం దించింది. వేద ఫోనును వేలితో చూపించి, చప్పుడు లేకుండా పెదవులతో చెప్పింది: దియ. ఇన్ని నెలల తరువాత ఆ ఫోను తీసింది. త్రివేణి చేతులు రెండూ ఎత్తి దండం పెట్టి, మాట్లాడుకోమని సైగ చేసి, ఇంటి ముందుకు వచ్చి మీట నొక్కింది. గరాజ్ తలుపు మెల్లగా పైకి లేచింది.

స్టవ్ నిండా నీలి మంట. మంట మీద నాన్‌స్టిక్ పెనం, చుక్క పిండి కూడా పడని పెనం. దాని మీద పొగ ఉన్నదంటే ఉన్నది, లేదంటే లేదు. ఘాటు లేదు, దగ్గు రాలేదు. పెట్టెలో కిచకిచ లేదు.

స్టవ్ ఆపి వంగి చూసింది. ఆరూ పక్కలకు ఒరిగి ఉన్నాయి. ఒకదాన్ని చేతిలోకి తీసుకుంటే మెడ వేళ్ళ మధ్యనుంచి జారి వేలాడింది.

పిల్లల్ని కొన్న దుకాణానికి ఫోను చేసింది. అవతలి ఆవిడ నెమ్మదిగా అడిగింది. దీపం వెలుగుతున్నదా? నీళ్ళున్నాయా? దగ్గరలో ఏమైనా వండారా? నాన్‌స్టిక్ పెనమా? పెనం ఖాళీగా వేడెక్కితే దాని నాన్‌స్టిక్ పూత నుంచి వచ్చే పొగ మనుషులకు పెద్దగా తెలియదనీ, పక్షుల ఊపిరి మాత్రం నిమిషాల్లో ఆగిపోతుందనీ, చాలామందికి ఇలాగే తెలుస్తుందనీ చెప్పింది. సారీ అన్నది. నిజంగానే అన్నది.

పెనం పెట్టింది వేద. ఫోను మోగింది. మాట్లాడుతూ నడిచింది, నడుస్తూ మరిచింది. ఎంత మామూలు మరుపు! బాగున్న మనుషులు మరిచే మరుపు. ఇన్నాళ్ళకు బాగున్నది గనుక మరిచింది. కాని అది ఆ పిల్లకు ఎవరు చెప్పగలరు? వీధిలో చెప్పుల చప్పుడు దగ్గరపడుతున్నది.

"అమ్మా, దియ వస్తానంటోంది వీకెండ్‌కి! పిల్లల్ని చూడాలట." గుమ్మంలో ఆగింది. "ఏమైంది?"

"లోపలికి రాకు తల్లీ." త్రివేణి పెట్టెకు అడ్డంగా నిలబడింది. "నా వల్లనే. నేను పెనం పొయ్యి మీద మరిచిపోయాను. దాని పొగ పక్షులకి పడదట. నాకు తెలీదు."

వేద చూపు తల్లి భుజం మీదుగా పెట్టెలోకి పోయింది. చాలాసేపు అక్కడే ఉన్నది. తరువాత పెనం మీదికి వచ్చింది.

"అది నేను పెట్టాను."

"నువ్వు పెట్టింది నేను వచ్చి ఆపేశాను. మళ్ళీ నేనే వెలిగించి, సామాన్లు లోపల సర్దుతూ మరిచాను. తిట్టు నన్ను. గట్టిగా తిట్టవే!"

వేద చూపు కారు వైపు తిరిగింది. వెనక సీటులో సరుకుల సంచులు, కొన్నవి కొన్నట్టే, కొత్తిమీర కట్టలు బయటికి తొంగి చూస్తూ ఉన్నాయి. ఇంజను ఇంకా ఆగనే లేదు.

త్రివేణి కోపానికి సిద్ధపడి ఉన్నది. అరుపుకు, తలుపు ధడాలున మూసే చప్పుడుకు, ఇంకెప్పుడూ నీతో మాట్లాడనన్న మాటకు సిద్ధపడి ఉన్నది. కోపానికి కాళ్ళుంటాయి, లేచి నడుస్తుంది. దాన్ని పట్టుకుని ఎటైనా పోవచ్చు.

"ఇట్స్ ఓకే అమ్మా," అన్నది వేద. గొంతు చదునుగా, మెత్తగా ఉంది. "ఎవరు పెడితే ఏంటి. నువ్ అలా చెప్పక్కర్లేదు." వెళ్ళి కారు ఇంజను ఆపి, తాళాలు తల్లి చేతిలో పెట్టి, మెట్లెక్కి పైకి పోయింది.

ఫణికుమార్ ఆఫీసు నుంచి వచ్చేసరికి త్రివేణి గరాజ్ నేల మీద కూర్చుని ఉంది. ఆమె చెప్పింది, ఆయన విన్నాడు.

"నువ్వే చేశానన్నావా?"

"అన్నాను."

"నమ్మిందా?"

త్రివేణి తల అడ్డంగా ఊపింది. ఆయన ఆరింటినీ అట్టపెట్టెలోకి తీశాడు. అట్టపెట్టె పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. కంచె దగ్గర తవ్వాడు. "వేదా, వస్తావా నాన్నా?" అని కిటికీ కిందనుంచి ఒక్కసారి పిలిచాడు. కిటికీ తెరుచుకోలేదు. మట్టి కప్పి చేతులు కడుక్కుని, ఇంట్లోకి రావడానికి ధైర్యం చాలక, గూటి పైకప్పులో మిగిలిపోయిన సగానికి రేకు బిగించడం మొదలుపెట్టాడు.

త్రివేణి పెరుగన్నం కలిపి పైకి తీసుకెళ్ళింది. వేద బట్టలు మార్చలేదు, దుప్పటి కప్పుకోలేదు. ఫోను బల్ల మీద బోర్లా పడి ఉంది. అది వణికింది, ఆగింది, మళ్ళీ వణికింది.

"దియ అయ్యుంటుంది. తీయవే."

"రావద్దని చెప్పాలి. రేపు చెప్తా."

త్రివేణి మంచం అంచున కూర్చుంది. కిటికీ మీద వెలుతురు సన్నగిల్లుతున్నది.

"వాటికి పెయిన్ ఉంటుందా అమ్మా?"

"లేదు తల్లీ. నిద్రపోయినట్టే ఉన్నాయి."

వేద తల ఊపింది. అది నమ్మిన మనిషి తల ఊపడం కాదు, ఎదుటి మనిషి బాధపడకుండా ఊపడం. చెయ్యి చాపి తల్లి మోకాలిని రెండుసార్లు తట్టింది. "నువ్ వెళ్ళి తిను. నాకు ఆకలి లేదు," అని గోడ వైపు తిరిగి పడుకుంది.

త్రివేణి వెళ్ళలేదు. కంచం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది. పెరట్లో ఫణికుమార్ రేకులు బిగించే మర మోగింది, ఆగింది. మరొక రేకు పెట్టుకున్నట్టున్నాడు, మళ్ళీ మోగింది.