కాఫీకి ఎవరు లేస్తారు?

ఐగిల్ గీతలు గీసే సున్నం బండిని ఫుట్‌బాల్ మైదానం మూల దాకా తోసి, నడుం పట్టుకుని వెనక్కి చూశాడు. గీత ఎప్పటిలాగే ఎడమకి ఒరిగింది. అంతా మోకాలి పుణ్యం. అది చెడక ముందు రెండేళ్లు పెద్ద జట్టులో ఆడాడు. చెడ్డాక ఊళ్లో ఉత్తరాలు పంచాడు. పంతొమ్మిదేళ్లుగా ఈ క్లబ్బుకి అధ్యక్షుడు.

అధ్యక్షుడంటే గడ్డి కొయ్యాలి, వలలు కుట్టాలి, ఓడినప్పుడల్లా తిట్లు తినాలి. పోనీ కోరుకున్న పదవా అంటే అదీ కాదు. ఆనాటి వార్షిక సమావేశంలో ఎవరూ ముందుకు రాలేదు. ఐగిల్ కాఫీ కలపడానికి వంటగదిలోకి వెళ్లి ఫ్లాస్కుతో తిరిగొచ్చేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు. గదిలో లేనివాణ్ణి ఎన్నుకోవడం ఆ ఊరివాళ్లకి అలవాటు.

ఈ సాయంత్రం మళ్లీ సమావేశం. కొత్త అధ్యక్షుడు దొరక్కపోతే క్లబ్బు పక్కూరి జట్టులో కలిసిపోతుంది. ఐగిల్‌కి మాత్రం ఒక్కటే కోరిక. ఒక్క ఆటైనా బల్లమీద కూర్చుని చూడాలి, అధ్యక్షుణ్ణి నోరారా తిట్టాలి.

ముప్ఫైమంది వచ్చారు. సున్నం బూట్లు వంటగది గుమ్మం దగ్గర విప్పి, మామూలు జోళ్లు వేసుకుని ఐగిల్ కుర్చీకి అతుక్కుపోయాడు.

"ఐగిల్, ఫ్లాస్కు ఖాళీ," అన్నాడు తాపీమేస్త్రి హోల్గర్.

"నీకు కాళ్లున్నాయిగా!"

"కాళ్లతోపాటు బుర్ర కూడా ఉంది. నేను లేవను."

అందరూ నవ్వారు, ఒక్కరూ కదల్లేదు. గంట గడిచింది. కాఫీ లేక కేకు ముక్కలు గొంతు దిగడం లేదు. పక్కూరి చొక్కాలు తొడుక్కున్న క్లబ్బు పిల్లల జట్టు కళ్లముందు మెదిలి ఐగిల్ గుండె చివుక్కుమంది. ఇక తప్పదని మోకాలు పట్టుకుని లేచి ఫ్లాస్కు అందుకున్నాడు.

"కూర్చోవయ్యా బాబూ!" రొట్టెల కొట్టు టోవె వచ్చి ఫ్లాస్కు లాక్కుంది. "నాకు పదేళ్లప్పుడు నన్ను గోల్‌కీపర్‌గా నిలబెట్టింది నువ్వేగా. వెనక్కి తగ్గకుండా నిలబడటం అప్పుడే నేర్చుకున్నా." వంటగది గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది. "నీళ్లు మరిగేలోపు కానిచ్చేయండి!"

చప్పట్లకి కిటికీలు అదిరాయి. ఐగిల్ కళ్లు తుడుచుకున్నాడు. ఆమె పోసిన కాఫీ ఒక్క గుక్క తాగి మొహం చిట్లించాడు.

"నీళ్లలా ఉంది, అధ్యక్షురాలా!"

పంతొమ్మిదేళ్ల ముచ్చట తీరింది. తాళాలు ఆమె చేతిలో పెట్టి, హోల్గర్‌తో కబుర్లాడుతూ ఇంటికి బయల్దేరాడు. వంటగది గుమ్మం దగ్గర, ఎడమ మడమ అరిగిపోయిన సున్నం బూట్లు అలాగే ఉన్నాయి.