ప్రూఫుల వెనక పాటలు

మహానందికి ఆ ఉదయం ప్రెస్సు మెట్లెక్కడమే బరువనిపించింది. ఎండకు కాదు, కర్నూలులో పుట్టినవాడికి ఎండ కొత్తా? యూనివర్సిటీ ప్రెస్సు పెట్టి పాతికేళ్లయింది, రికార్డులు చూసి దాని చరిత్ర రాయమని పైవాళ్లు రికార్డు కీపరైన ఆయన నెత్తిన పెట్టారు. మూడు నెలలుగా దుమ్ము మింగుతున్నాడు. పాత కాగితాలు తిరగేసేవాడికి పక్కవాళ్ల తప్పులే కాదు, తనవీ దొరుకుతాయి.

దొరికాయి. మొన్న ఓ వృక్షశాస్త్రం పుస్తకం ప్రూఫుల కట్ట విప్పితే, కాగితాల వెనకవైపు బసవన్న చేతిరాత కనిపించింది.

బసవన్న కోసిగిలో బడిపంతులు. వలసపోయే కూలీల వెంట తిరిగి, ఆడవాళ్లు పాడుకునే కలుపు పాటలు రెండువందల దాకా రాసి, పంతొమ్మిదివందల ముప్పైతొమ్మిదిలో ప్రెస్సుకు పంపాడు. ఉన్న ప్రతి అదొక్కటే. తర్వాత చూద్దామని కమిటీ పక్కన పెట్టింది. ఆ వెంటనే యుద్ధం, కాగితానికి కరువు. కరువులో అధికమాసమన్నట్టు పాఠ్యపుస్తకాల తొందర. అచ్చుకు నోచుకోని రాతప్రతులు ఒకవైపే రాసి ఉన్నాయి కదా, రెండోవైపు ప్రూఫులు తీసుకోండని సంతకం పెట్టింది మహానందే. పనయ్యాక ఆ ప్రూఫులు చిత్తుకాగితాల్లో కలిసిపోయాయి. ఎలాగో మిగిలినవి ఈ పదకొండు కాగితాలే.

పంతులు పోయి తొమ్మిదేళ్లయింది. ఆయన భార్య హనుమంతమ్మ రెండేళ్లుగా ఆ పాటల కోసం గుంతకల్లులో రైలు మారి వస్తోంది. మొదటిసారే నిజం చెప్పాల్సింది. ఆమె ముఖం చూసి నోరు రాలేదు. "యాడికి పోతాయమ్మా, భద్రంగా ఉండాయి, వెతికిస్తా" అన్నాడు. ఒక అబద్ధం ఆడాక రెండోదానికి పెద్ద కష్టం ఉండదు. నాలుగోదానికి మాత్రం మనిషి అలిసిపోతాడు.

ఆ రోజు ఆమె మళ్లీ వచ్చింది. మహానంది కుర్చీ చూపించి, పదకొండు కాగితాలూ ఆమె ముందు పెట్టాడు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. తన సంతకంతో సహా అంతా చెప్పేశాడు.

ఆమె తిట్టలేదు. చదువు రాదు గనక కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ఆయన రాతేనా అప్పా?"

"ఆయనదేనమ్మా."

"కడమవి?"

"లేవు. యుద్ధంలోనే పోయినాయి."

"అంటే నేను మొదటిసారి వచ్చేటికే లేవు."

చెప్పేస్తే గుండె తేలికవుతుందనుకున్నాడు మహానంది, అవలేదు.

"మా అత్త పోయిన ఉగాదికి కాలం చేసె," అంది హనుమంతమ్మ. "ఆ పాటల్లో శానా మటుకు ఆమె చెప్పినవే. మంచాన పడినా ఒక్కటీ మర్చిపోలేదు. చెప్తా, ఎవరితోనన్నా రాయించుకోండే అని దినామూ పోరేది."

"మరి రాయించలేదా?"

అడిగేశాక గానీ తానేమడిగాడో మహానందికి తెలిసిరాలేదు.

హనుమంతమ్మ కాగితాలు ఒక్కొక్కటే సర్దుకుంటూ, గొంతు పెంచకుండానే చెప్పింది.

"నేనే వద్దంటి. నీకు ఆయాసమొస్తాది, పండుకో అత్తా, అవి ప్రెస్సులో భద్రంగా ఉండాయని సారు చెప్పినాడు అంటి."