సమర్థురాలు

ఒకటి, రెండు అని లెక్కపెట్టి, మూడు అనకుండానే ఆమె అత్తగారిని మంచం మీంచి లేపి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టేసింది. మూడు పైకి అనడం ఎప్పుడో మానేసింది. అంటే అత్తగారు భయంతో బిగుసుకుపోతుంది, బిగుసుకుందంటే అరవై ఎనిమిది కిలోల మనిషి కాస్తా ఎనభై అవుతుంది. ఆ కిటుకు ఎవరో నేర్పింది కాదు, రెండేళ్ళలో ఆమె నడుమే నేర్చుకుంది.

"ఎప్పుడు లేపావో నాకే తెలీలేదే అమ్మాయ్," అంది అత్తగారు. రోజూ అనే మాటే, అయినా రోజూ కొత్తగానే అంటుంది. పక్షవాతం కుడివైపునంతా తీసుకుపోయింది గానీ నోటి జోలికి రాలేదు.

ఇలా ఎత్తడం పొద్దున్న మూడుసార్లు, భోజనం గంటలో గోడౌన్ నుంచి పరుగెత్తుకొచ్చి ఒకసారి, సాయంత్రం మళ్ళీ మూడుసార్లు. మొగుడు ఇంట్లో ఉన్నా అంతే, లేకున్నా అంతే. "నీకు అలవాటే కదా, నాకు చేతకాదు," అంటాడు. చేతకాదు అన్న మాట ఆయన ఎంత ధీమాగా అంటాడో, చేతనవును అన్న మాట ఆమె ఏనాడూ అంత ధీమాగా అనలేదు.

మనిషిని పట్టీలో కూర్చోబెట్టి ఎత్తే యంత్రం ఒకటుందని చెప్పింది డాక్టరే. ఆమె పనిచేసే కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమాలో అత్తగారి పేరు కూడా ఉంది. కాగితాలన్నీ పెడితే నెల తిరక్కుండా జవాబొచ్చింది. మొగుడు కళ్ళజోడు సర్దుకుని వార్తలు చదివినట్టు చదివాడు. "ఇంటిలో సమర్థురాలైన సంరక్షకురాలు ఉన్నందున యంత్రం అవసరంగా కాక సౌకర్యంగా మాత్రమే పరిగణించబడినది."

చదివి నవ్వాడు. "చూశావా, నిన్ను మెచ్చుకున్నారు!"

పదిహేడేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో ఎవరి నోటా రాని మాట అది. పాలు పొంగితే 'ధ్యాస లేదు', పని నుంచి ఆలస్యమైతే 'ఇల్లు పట్టదు', వంగి లేచేటప్పుడు అబ్బా అంటే 'అప్పుడే ముసలిదానివయ్యావా'. ఇన్నేళ్ళకి ఒక్క మంచి మాట అచ్చులో వచ్చింది, అదీ అడిగింది ఇవ్వకపోవడానికి. అయినా ఆ సంగతి వాళ్ళకెలా తెలిసిందని ఫారం నకలు తీసి చూసింది. 'రోగిని ఎవరు ఎత్తుతున్నారు? ఎలా?' అన్న ప్రశ్న కింద మొగుడి గుండ్రటి దస్తూరీ: 'నా భార్య. సులువుగా.'

"ఇదేంటండీ?"

"గడి ఖాళీగా ఉంటే బాగోదని రాశానే," అన్నాడాయన. రాతకోతలు తనవంతు, ఎత్తడం దించడం ఆమె వంతు అని ఆ ఇంట్లో ఎవరూ పంచకుండానే పంపకం జరిగిపోయింది.

ఆమె పనిచేసేది టైల్స్ గోడౌన్‌లో. పదకొండు మంది మీద అజమాయిషీ. గోడ మీద ఎర్రక్షరాల బోర్డు ఉంటుంది: 'పాతిక కిలోలు దాటితే ఒక్కరే ఎత్తరాదు. యాభై దాటితే యంత్రం. యంత్రం వచ్చేదాకా ఇద్దరు.' కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ మోకాళ్ళు ఎలా వంచాలో నేర్పేది ఆమే. ఒకసారి ఎద్దులాంటి మనిషి ఒకడు గొప్పకి పోయి రెండు పెట్టెలు కలిపి భుజానికెత్తుకుంటే, అక్కడికక్కడే పని ఆపించింది. "చెయ్యగలను కదమ్మా!" అని వాడు గింజుకున్నాడు. "చెయ్యగలవు. చెయ్యకూడదు," అంది ఆమె. ఆ మాట ఇప్పుడు తన చెవిలోనే మోగింది.

అప్పీలు రాసింది. బీమా వాళ్ళు మనిషిని పంపుతామన్నారు.

"ఆయనొచ్చినప్పుడు కాస్త మూలుగు," అని మొగుడు ముందురోజే పాఠం చెప్పాడు. "నడుం పట్టుకో. అమ్మని సగం దాకా ఎత్తి వదిలేసినట్టు చెయ్యి."

"ఒరేయ్," అని మంచం మీంచి అత్తగారు అందుకుంది, "ఇన్ని వేలసార్లలో నన్ను ఒక్కసారి కూడా పడెయ్యలేదురా అది. ఇప్పుడు నీకోసం పడెయ్యాలా?"

ఆమెకి అచ్చులో వచ్చిన మాట కన్నా ఈ మాట బరువుగా ఉంది. "నటించను," అంది మొగుడితో. "నాకు వచ్చిన పని రానట్టు చేసి చూపించడం నావల్ల కాదు."

మర్నాడు పదింటికి వచ్చిన పరిశీలకుడు మర్యాదస్తుడే. అట్ట మీద ఫారం పెట్టుకుని, "ఒకసారి ఎత్తి చూపించండమ్మా," అన్నాడు. ఆమె చూపించింది. ఒకటి, రెండు. అత్తగారు కుర్చీలో ఉంది, భుజం మీది కొంగు కూడా చెదరలేదు. పరిశీలకుడు కలం మూత తీశాడు.

"నా దగ్గర రెండే గడులున్నాయమ్మా. చెయ్యగలరు, చెయ్యలేరు. మీరు బ్రహ్మాండంగా చేస్తున్నారు మరి."

"చేస్తున్నాను. మా గోడౌన్‌లో ఎవరైనా ఇలా ఒంటరిగా ఎత్తితే నేనే పని ఆపిస్తాను. అలా ఆపించమని నాకు జీతమిచ్చే కంపెనీదే ఈ బీమా కూడా. ఒక్కరే ఎత్తకూడదన్న అక్కడి బోర్డు నాకు గేటు దాకానేనా అండీ?" తన నడుం గురించి డాక్టరు రాసిన రిపోర్టు ఆయన ముందు పెట్టింది. "చెయ్యకూడదు అన్న గడి లేకపోతే, గీయండి."

ఆయన ఆమె వంక చూశాడు, రిపోర్టు వంక చూశాడు. చేత్తోనే మూడో గడి గీశాడు. "పైవాళ్ళు ఏమంటారో చెప్పలేను. నేను మాత్రం రాస్తాను. ఇంకొకటుంది, పాత ప్రశ్నే. ఎవరు ఎత్తుతున్నారు, ఎలా?"

"మొదటిసారి ఈయన రాశారు, ఈసారీ ఈయనే రాస్తారు," అంది ఆమె. "కాకపోతే ముందు ఒకసారి ఎత్తి, అప్పుడు రాస్తారు. యంత్రం వచ్చేదాకా ఇద్దరు అని బోర్డు మీద ఉంది. ఇకనుంచి ఈ ఇంట్లోనూ అంతే."

"నేనా? ఇప్పుడా?" అన్నాడు మొగుడు. పరాయి మనిషి ముందు కాదనలేక వచ్చి కుడిపక్క నిలబడ్డాడు.

"మోకాళ్ళు వంచండి, నడుం కాదు. రెండు అనగానే."

"మూడు అనవా?"

"అనను."

కుర్చీ నుంచి మంచానికి. ఆమె తన సగం తను పట్టింది. రెండో సగం వైపు వేలు కూడా వెయ్యలేదు. ఆయన మొహం కందిపోయింది, మెడ నరాలు ఉబ్బాయి, తల్లిని మంచం చేర్చేసరికి చొక్కా వీపున అంటుకుపోయింది.

"మరీ అంత బాగా ఎత్తకురా నాయనా," అంది అత్తగారు. "నిన్ను కూడా సమర్థుడని రాశారంటే నాకు యంత్రం రాదు."

పరిశీలకుడు నవ్వాపుకుంటూ ఫారం అందించాడు. మొగుడు గోడకి ఆనుకుని, నడుం పట్టుకుని, ఊపిరి కోసం చూస్తున్నాడు. ఆమె కలం తీసి ఆయన చేతిలో పెట్టింది.

"రాయండి. గడి ఖాళీగా ఉంటే బాగోదు."