రెండు కామాలు

1961లో చీరాలలోని ఒక బాలికల హైస్కూల్లో జయకుమారి ఇంగ్లీషు టీచరు. ఆమె తల్లిదండ్రులు మిరపకోతల కూలీలు. ఆమె అదే స్కూలు హాస్టల్లో ఉండి చదువుకుని, అక్కడికే ఉద్యోగానికి వచ్చింది. ఇప్పటికీ హాస్టల్లో ఉండేది దాదాపు అంతా కూలీల పిల్లలే.

ఆ ఫిబ్రవరిలో లైబ్రరీ పుస్తకాలు కొన్ని కనబడకుండా పోయాయి. ఎవరు తీశారో తేలలేదు. సోమవారం పొద్దున వరండాలోని నల్లబోర్డు మీద హెడ్మిస్ట్రెస్ హనుమాయమ్మగారి దస్తూరితో ఇంగ్లీషులో ఒక వాక్యం కనిపించింది: "హాస్టల్ గర్ల్స్, హూ స్టీల్ బుక్స్, షల్ నాట్ ఎంటర్ ద లైబ్రరీ."

జయకుమారి చదివి ఆగిపోయింది. కామాలు లేకపోతే, పుస్తకాలు దొంగిలించే హాస్టల్ పిల్లలు మాత్రమే లైబ్రరీలోకి రాకూడదని అర్థం. అటొకటి ఇటొకటి కామా పడేసరికి హాస్టల్ పిల్లలంతా దొంగలే అయిపోయారు. పెద్దావిడ తొందరలో పొరబడి ఉంటారనుకుని, వేలితో ఆ రెండూ తుడిచేసి క్లాసుకు వెళ్ళింది.

మధ్యాహ్నానికి కామాలు మళ్ళీ వచ్చాయి. ఈసారి లావుగా.

జయకుమారికి ఒళ్ళు మండిపోయింది. తిన్నగా హనుమాయమ్మగారి గదిలోకి వెళ్ళి, అవి ఉంటే అర్థం ఎలా మారుతుందో చెప్పింది. ఆవిడ కాగితాల మీంచి తలెత్తలేదు.

"కామా ఎక్కడ పెట్టాలో నువ్వు నాకు నేర్పక్కర్లేదు జయకుమారీ. తెలిసే పెట్టాను."

"అయితే నన్నూ కలిపే రాశారండి. నేనూ హాస్టల్ పిల్లనే."

"నువ్వు వేరు," అన్నారు హనుమాయమ్మగారు.

బోర్డు మీది రాతకన్నా ఆ మాటే ఎక్కువగా తగిలింది. ఇంకాసేపు ఉంటే నోరు జారుతానని జయకుమారి బయటికి వచ్చేసింది.

ఎస్సెల్సీ క్లాసులో ఆ రోజు పాఠం పక్కన పెట్టి, ఆ వాక్యాన్నే రెండు రకాలుగా రాసి చూపించింది. కామాల మధ్య మాట తీసేసినా వాక్యం నిలబడుతుందనీ, అప్పుడు మిగిలేది హాస్టల్ పిల్లలు లైబ్రరీలోకి రాకూడదన్నదేననీ విడమరిచి చెప్పింది. ముందు బెంచీల్లోని టౌను పిల్లలు తలలు దించుకున్నారు. వెనక నుంచి ఎలీసమ్మ అనే హాస్టల్ పిల్ల లేచింది.

"అంటే టీచర్, మమ్మల్ని రావద్దనడానికే రాశారా? దొంగతనం వట్టి వంకేనా?"

"అవును," అంది జయకుమారి. దాన్ని మెత్తబరిచి చెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు.

సాయంత్రం బెల్లు కొట్టగానే ఎలీసమ్మ, ఆమె వెంట హాస్టల్ పిల్లలంతా వెళ్ళి లైబ్రరీలో కూర్చున్నారు. టౌను నుంచి వచ్చి చదువుకునే రహిమున్నీసా కూడా వాళ్ళ పక్కన చేరింది. హనుమాయమ్మగారు వచ్చి లేవమన్నారు. ఎవరూ లేవలేదు. పిల్లలకు సర్దిచెప్పమని జయకుమారిని పిలిస్తే, ఆమె గుమ్మంలో నిలబడి చెప్పనంది.

మర్నాడు బోర్డు శుభ్రంగా ఉంది. లైబ్రరీ అందరికీ తెరిచారు. జయకుమారికి మాత్రం ఇంగ్లీషు తీసేసి చిన్న క్లాసుల కుట్టుపని ఇచ్చారు.

ఏడాది తిరిగాక హనుమాయమ్మగారు పిలిపించి, మళ్ళీ ఇంగ్లీషు చెప్పమన్నారు. పిల్లల ముందు తప్పయిందని ఒక్క మాట అంటే చెబుతానంది జయకుమారి. ఆవిడ మళ్ళీ కాగితాలు ముందుకు లాక్కున్నారు. జయకుమారి సూదుల పెట్టె తీసుకుని కుట్టు క్లాసుకు వెళ్ళిపోయింది.