చీటీలో లేని అక్షరం

ఆ చీటీ నాకు గురువారం పొద్దున దొరికింది, మందుల గది గడప దగ్గర. ఊడుస్తుంటే చీపురుకి తగిలింది. పనికొచ్చే కాగితమో కాదో చూద్దామని విప్పాను. అసలు సంగతి అది కాదు, చదవడం ఆలస్యంగా వచ్చినవాళ్ళకి ఇదొక రోగం. పొట్లం కట్టిన కాగితాన్ని కూడా వదలం.

నాకు అక్షరాలు ఎవరూ నేర్పలేదు. ఈ మిషను ఆసుపత్రికి వచ్చిన కొత్తలో ప్రార్థన గదిలో వెనక బెంచీ మీద కూర్చునేదాన్ని. అందరూ పాడుతుంటే పాటల పుస్తకంలో వేలు పెట్టి, ఏ శబ్దానికి ఏ గీతో కనిపెట్టుకుంటూ పోయాను. అందుకే పాటల్లో లేని మాట ఎదురైతే ఇప్పటికీ తడబాటే. సగం చదువుతాను, సగం ఊహిస్తాను.

చీటీలో ఉన్నవి మూడే ముక్కలు. 'ముసలమ్మ పంపు. సోమవారం కల్లా. ముందే చెప్పొద్దు.'

కింద సంతకం లేదు. అక్కర్లేదు కూడా. సున్నాకి తోక తగిలించే ఆ చేతిరాత తాళాలమ్మాయిది.

పేరుకి అమ్మాయి గానీ ఆవిడకి యాభై దాటాయి. గోదాము తాళాలు, గదుల తాళాలు అన్నీ నడుముకి వేలాడేసుకుని తిరుగుతుంది. నన్ను పిన్నీ అని పిలుస్తుంది. ఆ పిలుపులో తీపి కంటే కారమే ఎక్కువ.

"పిన్నీ, ఈ బకెట్టు నా కాళ్ళకే అడ్డం పెట్టాలని మొక్కుకున్నావా?"

"కళ్ళు నెత్తిమీద పెట్టుకుని నడిస్తే బకెట్టేం చేస్తుందే?"

రోజూ మా పలకరింపు ఇదే.

ఆ బకెట్టు సంగతి చెప్పాలి. నా పని ఊడవడం. బకెట్టు మాత్రం ఎవరూ చెప్పని పని. చేతిపంపు దగ్గర నీళ్ళు పట్టి గేటు లోపలి బెంచీ పక్కన పెడతాను. దూరం నుంచి నడిచి వచ్చిన రోగుల కాళ్ళ మీద చెంబుతో పోస్తాను. ముప్పై ఒక్కేళ్ళ కిందట, జ్వరంతో ఉన్న మా ఆయన్ని పట్టుకుని రెండు రోజులు నడిపించుకుంటూ నేనూ ఈ గేటు దాటాను. అప్పుడొక నర్సమ్మ పేరు అడగలేదు, ఊరు అడగలేదు, ముందు నా కాళ్ళ మీద నీళ్ళు పోసింది. ఆయన వారం తిరక్కుండా పోయాడు. మరుసటేడు నర్సమ్మ బదిలీ మీద వెళ్ళిపోయింది. ఆవిణ్ణి సాగనంపడానికి గేటు దాకా వెళ్ళలేక గోదాము వెనక కూర్చుండిపోయాను. అప్పట్నుంచి ఇక్కడ ఎవరు సెలవు తీసుకున్నా నేను గోదాము వెనకే ఉంటాను. ఆ చెంబు మాత్రం వదల్లేదు.

అప్పటికి రెండు నెలలుగా కుడి భుజం లేవడం లేదు. పంపు పిడేమో ఎత్తు. మునివేళ్ళ మీద నిలబడి అందుకుని, ఒంటి బరువంతా వేస్తే గానీ దిగదు. ఎవరికీ చెప్పలేదు. పోయినేడు తోటమాలి తాత నడుం పట్టేసిందని చెప్పుకున్నాడు. డాక్టరమ్మ మంచి మాటలతోనే అతన్ని వృద్ధుల ఆశ్రమానికి పంపింది. అక్కడ బాగానే ఉన్నాడట. 'బాగానే ఉన్నాడట' అని విన్నప్పుడల్లా నాకు ముద్ద దిగదు.

ఈ ఆసుపత్రిలో ముసలమ్మ అంటే నేనొక్కదాన్నే. చీటీని నాలుగుసార్లు చదివాను. ముసలమ్మని పంపు. సోమవారం కల్లా. ముందే చెప్పొద్దు. మడిచి బొడ్లో దోపుకున్నాను. భయం ఎంత ఉందో ఆరాటమూ అంతే ఉంది. పంపితే ఎక్కడికి? ఎవరు తీసుకెళ్తారు? తాత దగ్గరికేనా?

శుక్రవారం డాక్టరమ్మ పిలిచింది. గోడకి ఆనించి నిలబెట్టి, నెత్తి దగ్గర సుద్దతో ఒక గీత గీసింది. తర్వాత చెయ్యి మడవమని మోచేతి దగ్గర ఇంకో గీత.

"ఎందుకమ్మా ఇదంతా?"

"ఊరికే, అమ్మమ్మగారూ. రాసి పెట్టుకోడానికి."

అని నవ్వు దాచుకుంది. డాక్టర్లు నవ్వు దాచుకోవడం మంచిది కాదు. ఎత్తు అంటే మంచం కోసం అనుకుందాం. ఆశ్రమంవాళ్ళకి నా మోచేతితో ఏం పనో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

శనివారం గోదాము వెనక నా చోట్లో కూర్చుంటే లోపల మాటలు వినబడ్డాయి. వేలికి కట్టుతో తిరుగుతున్న వెల్డింగు మేస్త్రి గొంతు ఒకటి.

"ఇంకెన్నాళ్ళని నెట్టుకొస్తారండీ? కీళ్ళన్నీ అరిగిపోయాయి."

"అరిగితే అరిగాయి. మూలిగి మూలిగి పని చేస్తూనే ఉందిగా," అంది తాళాలమ్మాయి. "సోమవారం పొద్దున్నే, ఎవరూ లేవకముందే కానిచ్చేద్దాం."

ఉందిగా అట! ఉన్నారుగా అంటే నోరు అరుగుతుందా? ఆ కోపంలో కాసేపు భయం కూడా మర్చిపోయాను.

ఆదివారం ప్రార్థనలో ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన ఘట్టం చదివారు. ఎప్పుడూ నాకిష్టమైన భాగమే. ఆ రోజు మాత్రం ఒక్కటే అనుమానం పీకింది. ఆ నీళ్ళు ఎవరు తోడి తెచ్చారు? అది ఎక్కడా రాయలేదు. తెచ్చినవాళ్ళని తర్వాత ఎక్కడికి పంపారో?

సాయంత్రం రేకుపెట్టె సర్దుకున్నాను. ఒకరు పంపితే పోవడం కంటే నా కాళ్ళ మీద నేను పోతే నయం. మేనకోడలి ఊరు పేరు గుర్తుంది, చాలు.

సోమవారం ఇంకా మసక చీకటి ఉండగానే పెట్టె మోసుకుంటూ గేటు దాకా వచ్చాను. బెంచీ పక్కన బకెట్టు ఖాళీగా ఉంది. సోమవారం దూరాల వాళ్ళు ఎక్కువగా వస్తారు. మట్టి కాళ్ళతో ఆ బెంచీ మీద కూర్చుని ఖాళీ బకెట్టు కేసి చూస్తారు. ఆ ఒక్క బకెట్టూ నింపి పోదామని పెట్టె బెంచీ కింద పెట్టి, బకెట్టు పట్టుకుని పంపు దగ్గరికి నడిచాను.

అక్కడ లాంతరు వెలుగుతోంది. మేస్త్రి బోల్టు బిగిస్తున్నాడు. తాళాలమ్మాయి మోకాళ్ళ దాకా బురదలో నిలబడి ఇనుప పిడి పట్టుకుంది. కొత్త పిడి అది, పొడుగ్గా, వంపు తిరిగి, చివర నా మోచేతి ఎత్తుకి దిగి ఉంది.

"వచ్చేసింది మహాతల్లి!" అని అరిచింది తాళాలమ్మాయి. "ముందే చెప్పొద్దని రాసి మరీ ఇచ్చానా లేదా, మేస్త్రీ?"

"చీటీ ఎక్కడో పడిపోయిందండీ. వేలికి కట్టు కట్టించుకోడానికి వెళ్ళినప్పుడు..."

నేను బొడ్లోంచి తీశాను.

"ముసలమ్మని పంపమని నువ్వే రాశావుగా. పంపించెయ్. నేనే పోతున్నాను."

చీటీ లాక్కుని లాంతరు దగ్గర పెట్టి చూసింది. చూసి, పంపు గట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నడుముకున్న తాళాలన్నీ గలగలా మోగాయి.

"పిన్నీ, ఇందులో 'ని' ఎక్కడుంది? చూపించు! ముసలమ్మ పంపు. ఇదిగో, ఈ పంపు! ముసలమ్మ కొట్టుకునే పంపు!"

వేలు పెట్టి చదివాను. నిజమే, 'ని' లేదు. అది నేను చేర్చుకున్నదే.

"భుజం సంగతి నీకెవరు చెప్పారే?"

"నీ జుట్టు చెప్పింది. రెండు నెలలుగా ముడి ఎడమ చెవి మీదకి జారుతోంది. ఒంటి చేత్తో చుట్టుకుంటే అంతేగా? డాక్టరమ్మ ఇవాళ్టి నుంచి భుజానికి వైద్యం మొదలుపెడతానంది. అయినా ఇంత పొద్దున్నే ఎక్కడికి పోతున్నావ్?"

అంటూనే అటు చూసింది. తెల్లారుతోంది, బెంచీ కింద రేకుపెట్టె కనబడుతోంది. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

ఏం చెయ్యాలో తోచక పిడి మీద చెయ్యి వేశాను. రెండు వేళ్ళతో నొక్కితే దిగింది. నీళ్ళు బకెట్టు నిండి పొర్లాయి.

"ఆ బురద కాళ్ళతో లోపలికొస్తే నేనేగా ఊడవాలి," అన్నాను. "కూర్చో. కాళ్ళు చాపు."

"చాల్లే పిన్నీ, నేనేమన్నా రోగినా?"

"చాపమంటే చాపు."

చాపింది. పోశాను. మొహం పక్కకి తిప్పుకుని కూర్చుంది. అయిపోయాక లేచి, తడి కాళ్ళతోనే వెళ్ళి పెట్టెని గోదాములోకి మోసుకెళ్ళింది. తాళం వేసిన చప్పుడు వినబడింది. తిరిగొచ్చి నా ముందు చెయ్యి చాపింది.

"పెట్టె తాళంచెవి ఇలా ఇవ్వు. ఎప్పుడైనా పోవాలనుకుంటే నన్ను అడిగి పో."

ఇచ్చాను. తన గుత్తిలో గుచ్చుకుంది.

అన్ని తాళాల్లోనూ నాది చిన్నది, చప్పుడు సన్నంగా ఉంటుంది. ఆవిడ ఏ వరండాలో నడుస్తున్నా నాకు తెలిసిపోతుంది. ఇవాళ పొద్దున కూడా అది బకెట్టు దాకా వచ్చి ఆగింది.

"పిన్నీ, అడ్డం!"