చప్పుడు లేని కీబోర్డు

ఆ ఉదయం ఆకాశం కురవనూ లేదు, తెరిపివ్వనూ లేదు. పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఇళ్ల కప్పుల మీదికి వేలాడుతోంది. గదిలో వెలుగు చాలక ఆమె బల్లను కిటికీ దగ్గరికి జరుపుకుని, కొత్త ల్యాప్‌టాప్ మూత తెరిచింది.

ఎవరెవరో మాట్లాడిన రికార్డింగులు విని టైపు చేసి పంపడం ఆమె పని. ఎడమ చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటుంది. కుడి చెవి ఎప్పుడూ ఖాళీయే. అది పక్క గదిది. ఆ గదిలో మంచం మీద చూపు పోయిన అత్తగారు ఉంటుంది.

పాత కంప్యూటరు వారం కిందట ఉన్నట్టుండి ఆగిపోయింది. దాని కీబోర్డు మాత్రం గట్టి పిండం. అక్షరాలు అరిగి సగం మీటలు బోడిగా మిగిలినా, వేళ్లకు దారి తెలుసు కాబట్టి కళ్లతో పనుండేది కాదు. రేకుల మీద వాన పడ్డట్టు మోగేది. దాన్నే కొత్తదానికి తగిలిద్దామని చూసింది కానీ, దాని తీగ చివరి గుండ్రటి పిన్నుకు ఇందులో చోటు లేదు.

కొత్తదాని మీటలు పలచగా, పలకకు అంటించినట్టు ఉన్నాయి. నొక్కామో లేదో వేలికి తెలియదు. పైగా మీటల కింద నున్నటి టచ్‌ప్యాడ్ ఒకటి. టైపు చేస్తూ చెయ్యి ఆనించడం ఆమెకు అలవాటు. చెయ్యి దానికి తగిలిందంటే చాలు, రాస్తున్న వాక్యం ఎగిరి పై పేరాలో పడుతుంది. గట్టు తెగి నీళ్లు పక్క మడిలోకి పోయినట్టే. వెతుక్కుని, ఎత్తుకొచ్చి, మళ్లీ దాని చోట పెట్టుకోవాలి.

"అమ్మాయ్, ఉన్నావా?" పక్క గదిలోంచి అత్తగారు.

"ఉన్నానత్తయ్యా."

కాసేపటికి మళ్లీ అదే పిలుపు, అదే జవాబు.

"మరి చప్పుడు లేదేం? పిల్లి నడిచినట్టు ఏం పనే అది?"

"కొత్తదానికి చప్పుడుండదత్తయ్యా."

"నోరు లేని మిషనన్నమాట. కొన్నది నా కొడుకేగా, వాడి పోలికే వచ్చింది."

ఆమె నవ్వుకుంది. లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త ఇంటికొచ్చి నాలుగు మాటలు మాట్లాడితే ఆ రోజు గొప్ప.

ఈ పని నేర్పించింది కూడా అత్తగారే. పెళ్లయిన కొత్తలో కోడల్ని టైపు క్లాసుకు వెంటబెట్టుకు వెళ్లేది. బయట బెంచీ మీద కూర్చుని, లోపల చప్పుడు ఆగితే చాలు, తలుపు దగ్గరికొచ్చి తొంగి చూసేది. తర్వాత చూపు తగ్గుతూ తగ్గుతూ ఒకనాటికి పూర్తిగా పోయింది. ఆ కొత్తలో ఓసారి కోడలు చెప్పకుండా కిందికి, కొట్టుకు వెళ్లింది. పిలిస్తే పలికేవాళ్లు లేక ముసలామె తడుముకుంటూ లేచి గడప దగ్గర పడింది. నుదుటి మీద ఆ మచ్చ ఇంకా ఉంది. అప్పటినుంచి ఆ టకటకలే ఆమెకు చేతికర్ర. అవి వినబడుతున్నంతసేపూ ఇంట్లో మనిషి ఉన్నట్టు.

ఆ రోజు పని పళ్ల డాక్టరు ఒకాయన చెప్పిన పాఠం. సాయంత్రానికల్లా పంపాలి. మధ్యాహ్నం అయ్యేసరికి సగం కూడా కాలేదు. రాసినంత వరకూ చదివి చూసుకుంటే ఒకచోట ఇలా ఉంది: 'కింది దవడలో చివరి పన్ను మరి చప్పుడు లేదేం వాపు కనిపిస్తే ఉన్నానత్తయ్యా.'

ఏ చెవిలో ఏ మాట పడ్డా చేతులు రాసేశాయి. పొట్ట పట్టుకుని నవ్వి, లేచి వెళ్లి అత్తగారికి చదివి వినిపించింది.

బోసినోటితో ఆమె కూడా నవ్వింది. "నోట్లో ఒక్క పన్ను లేకపోయినా పళ్ల పాఠంలోకి ఎక్కాను. ఉంచెయ్యవే."

"ఉంచితే రేపట్నుంచి నాకు పనివ్వరు."

నవ్వు అంతటితో సరి. మళ్లీ బల్ల దగ్గర కూర్చోగానే పిలుపు. ఇంకో వాక్యం ఎగిరి ఎక్కడో పడింది. మళ్లీ పిలుపు.

"ఉన్నానని చెప్పాను కదా అత్తయ్యా. ఊరికే పిలుస్తుంటే నేనెలా చచ్చేది?"

అనేశాక తప్పనిపించి ఇయర్‌ఫోన్ తీసి పక్కన పెట్టింది. లేచి గుమ్మం దాకా వెళ్లింది.

"ఆ పాతది పారేశావా?" అడిగింది అత్తగారు. గొంతులో కోపం లేదు.

"లేదు. మీ మంచం కిందే ఉంది."

"ఇటివ్వు."

పాత కీబోర్డు దుమ్ము తుడిచి ఒళ్లో పెట్టింది. ముసలామె తడిమి తడిమి ఒక మీట నొక్కింది. టక్. మొహం విప్పారింది.

"నువ్వు చప్పుడు చెయ్యకపోతే నేనే చేస్తా. నేనున్నట్టు నీకూ తెలియాలిగా. పలకక్కర్లేదు, నీ పని చూసుకో."

ఆ తర్వాత పిలుపు లేదు. పక్క గదిలోంచి ఉండుండి టక్, టక్ మని వస్తోంది. గిన్నెలో నీటిచుక్కలు పడుతున్నట్టు. ఆ చప్పుడు వింటూ ఆమె భుజాలు దించింది. మణికట్లు గాల్లో తేల్చి పట్టుకుంటే టచ్‌ప్యాడ్ జోలికి పోకుండానే వేళ్లు ఆడుతున్నాయి. వాక్యాలు ఎక్కడివక్కడ కూర్చున్నాయి. చేతులకు కొత్త దారి దొరికింది. డాక్టరు గొంతు ఆగేసరికి ఆమె రాత కూడా పూర్తయింది. ఫైలు పంపేసి ఇయర్‌ఫోన్ తీసింది.

ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. టకటక ఎప్పుడు ఆగిందో ఆమెకు తెలియలేదు.

"అత్తయ్యా, అయిపోయింది."

కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

"అత్తయ్యా, ఉన్నారా?"

ఆ ఇంట్లో ఆ మాట ఆమె అడగడం అదే మొదలు.

మర్నాటి సాయంత్రానికి వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. పక్కింటావిడ అన్నమూ కూరా తెచ్చిపెట్టి, తినమని రెండుసార్లు చెప్పి వెళ్లింది. భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చున్నారు. అతను కలిపిన ముద్ద కలిపినట్టే పట్టుకుని, తెరిచి ఉన్న పక్క గది వైపు చూశాడు. ఆమె అతని కంచంలో ఇంకాస్త కూర వేసింది. ఇద్దరూ తిన్నారు.

ఖాళీ మంచం మీద పాత కీబోర్డు ఉంది. ముసలామె వేలు ఆగిపోయిన మీట ఒకటి, నొక్కింది నొక్కినట్టే, ఇంకా పైకి లేవలేదు.